సీలు మాత్రం అసలుదే

1944 జూన్. ట్రాన్సిల్వేనియాలో బిస్త్రిత్సా అనే పట్నం.

ఫ్లోరియన్ మనోలియు చేతిలో ఒక బ్యాగు ఉంది. మనిషి రుమేనియా దౌత్యవేత్త. ఉద్యోగం స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో. దౌత్య పాస్‌పోర్టు చూపిస్తే సరిహద్దుల్లో మామూలుగా సామాను విప్పమనరు. ఆ ఒక్క ధైర్యంతోనే ఇంతదూరం వచ్చాడు. విప్పితే మాత్రం చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. బ్యాగులో వెయ్యి దాకా కాగితాలున్నాయి. పేరు రాయాల్సిన చోటు ఖాళీ. కింద మాత్రం సంతకం సిద్ధంగా ఉంది. పక్కనే ముద్ర. ఎక్కడో అట్లాంటిక్ అవతల, కాఫీ తోటలు తప్ప ఇంకేమీ తెలియని ఎల్ సాల్వడార్ అనే బుల్లి దేశం ముద్ర.

ఖాళీ లేని కాగితాలు కూడా ఉన్నాయి. అవి ఈ ఊళ్లో ఉండే మాండెల్ కుటుంబానివి. జెనీవాలో ఉన్న కొడుకు అమ్మానాన్నల కోసం, అయినవాళ్ల కోసం పంపించాడు. ఎలాగైనా వాళ్ల చేతుల్లో పెట్టాలి.

మనోలియు కాస్త ఆలస్యంగా వచ్చాడు. ఊళ్లో ఉన్న యూదులందర్నీ వసంతంలోనే ఇళ్లలోంచి లాగి, పట్నం బయట ఒక పొలంలోకి తోలి, వానొచ్చినా ఎండొచ్చినా ఆ బురదలోనే వారాల తరబడి ఉంచి, జూన్ మొదటి వారంలో పశువుల్ని ఎక్కించే పెట్టెల్లో కుక్కి ఉత్తరం వైపు పంపేశారు. ఇళ్లు మిగిలాయి. ఆ ఇళ్లకు తాళాలు పడ్డాయి. తాళాల మీద ప్రభుత్వం సీళ్లు. మాండెల్ ముసలివాళ్లు ఆ రైళ్లలోనే వెళ్లిపోయారు. ఎక్కడికి? ఆ జవాబు ఇంకో ఊళ్లో దొరుకుతుందని మనోలియుకి అప్పటికి తెలియదు.

*

రెండేళ్లు వెనక్కి వెళ్దాం. 1942. జెనీవా.

ఎల్ సాల్వడార్ కాన్సులేట్ అంటే పెద్ద భవనమేం కాదు. మామూలు రోజుల్లో ఇలాంటి ఆఫీసుల్లో పని కూడా మామూలే. ఎగుమతి సరుకు ఇన్వాయిస్ వస్తుంది. ఆ సరుకు ఎక్కడిదో చెప్పే సర్టిఫికెట్ వస్తుంది. కాన్సుల్ చూస్తాడు, సంతకం చేస్తాడు, ముద్ర కొడతాడు, ఫీజు తీసుకుంటాడు. ఆ ముద్ర లేకపోతే సరుకు అవతలి రేవులో దిగదు.

కాన్సుల్ జనరల్ పేరు హోసే ఆర్టురో కాస్టెయానోస్. సైన్యంలో కర్నల్‌గా చేసినవాడు. అంతకుముందు 1938లో హాంబర్గ్‌లో ఉండేవాడు. యూదుల మీద జరుగుతున్న దాడులు కళ్లారా చూశాడు. వీసాలు ఇస్తానని సొంత ప్రభుత్వాన్ని అడిగాడు. కుదరదంది. అప్పట్లో ఎల్ సాల్వడార్‌ని ఏలుతున్న జనరల్ మార్టినెజ్‌కి ఇలాంటి విన్నపాలు గిట్టవు. కాస్టెయానోస్ ఆ కుదరదన్న మాటని జేబులో పెట్టుకుని జెనీవా వచ్చాడు.

అక్కడికే వచ్చి చేరాడు జార్జ్ మాండెల్. బుకారెస్ట్‌లో బట్టల వ్యాపారం చేసి సంపాదించినవాడు. యూదుడు. కాస్టెయానోస్‌కి పాత స్నేహితుడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్విట్జర్లాండ్ గడప దాటాడు. కాస్టెయానోస్ అతనికి ఒక ఉద్యోగమిచ్చాడు. ఫస్ట్ సెక్రటరీ. అంతకుముందు ఆ కాన్సులేట్‌లో అలాంటి పోస్టే లేదు. ఇంటిపేరు కూడా లాటిన్ చెవికి సరిపోయేలా మాంటెల్లో అయింది. కుర్చీ దొరికింది. టేబుల్ మీద ఇంకు ప్యాడ్ ఉంది, రబ్బరు స్టాంపు ఉంది. ఇప్పుడు దేని మీద కొట్టాలి?

ఇద్దరూ కలిసి ఒక కాగితం తయారు చేశారు. ఒకే పేజీ. ఫ్రెంచి భాష. ఫలానా వ్యక్తి, ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన పుట్టినవారు, ఎల్ సాల్వడార్ పౌరులుగా గుర్తింపు పొందారు. ఆ పౌరసత్వానికి ఉండే హక్కులూ బాధ్యతలూ అన్నీ వారికి వర్తిస్తాయి. పక్కన ఫొటో. కింద మాంటెల్లో సంతకం. ఆ పైన కాన్సులేట్ ముద్ర.

పోలండ్ నుంచి, హాలండ్ నుంచి, ఫ్రాన్స్ నుంచి దొంగచాటుగా పేర్లు వచ్చేవి. పుట్టిన తేదీలు వచ్చేవి. కుటుంబ ఫొటోలోంచి కత్తిరించిన మొహాలు వచ్చేవి. వాళ్లలో ఎవరూ ఎల్ సాల్వడార్‌ని చూసి ఎరగరు. వాళ్లని పౌరులుగా చేసుకునే అధికారం ఆ ఆఫీసుకి లేదు. ఆ సంగతి రాజధాని శాన్ సాల్వడార్‌కి తెలిస్తే?

*

ఇక్కడొక క్షణం ఆగి ముద్ర సంగతి చెప్పుకోవాలి.

కువైట్‌కి భార్యాపిల్లల్ని తీసుకెళ్లాలనుకున్న కడప కుటుంబాన్ని అడగండి. పెళ్లి సర్టిఫికెట్ ముందు రాష్ట్ర ప్రభుత్వం దగ్గరికి వెళ్తుంది, తర్వాత విదేశాంగ శాఖకి, ఆ తర్వాత ఆ దేశం ఎంబసీకి. ఒక్కొక్క చోట ఒక్కొక్క ముద్ర. ప్రతి ముద్రా తనకి ముందున్న సంతకాన్ని మాత్రమే చూస్తుంది. ఈ సంతకం ఫలానా అధికారిదే, ఈ సీలు ఫలానా ఆఫీసుదే అంటుంది. అంతకుమించి ఒక్క మాట అనదు. లోపల రాసింది నిజమా కాదా అన్నది దాని పని కాదు. 1961 అక్టోబర్ 5న హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందం ఈ ముద్రల గొలుసుని తెంచి, చతురస్రపు చట్రంలో పది అంశాలుండే ఒకే ఒక్క పత్రం పెట్టింది. అపోస్టిల్ అంటే అదే. మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ఒప్పందంలో చేరిన దేశాలకి వెళ్లేవాళ్లకి ఎంబసీ మెట్లెక్కే బాధ తప్పింది. 2019 నుంచి విదేశాంగ శాఖ ముద్ర కోసం ఢిల్లీ దాకా పోకుండా హైదరాబాద్‌లోనే పనవుతోంది. కానీ అపోస్టిల్ కూడా సంతకానికే పూచీ పడుతుంది. రాతకి కాదు.

జెనీవాలో ఆ ఇద్దరూ పట్టుకున్నది సరిగ్గా ఈ సందునే. ఆఫీసు అసలుది. కాన్సుల్ అసలువాడు. సంతకం అసలుది. సీలు అసలుది. రాసిందొక్కటే అబద్ధం.

*

అసలు కాగితాన్ని పోస్టులో వేస్తే పోయిందంటే పోయినట్టే. దారిలో సెన్సారువాళ్లు, గెస్టపో. అందుకని అసలు జెనీవాలోనే ఉంచి నకలు పంపడం మొదలుపెట్టారు.

అప్పటికి జిరాక్స్ మిషన్ రాలేదు. ఫొటోస్టాట్ ఉండేది. గదిలో పెద్ద పెట్టె లాంటి కెమెరా. ఫిల్ము ఉండదు, నేరుగా కాగితం మీదే బొమ్మ పడుతుంది. మొదటి నకలు తల్లకిందులైన రంగుల్లో వస్తుంది. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, చీకటి పడ్డ మొహం, వెలిగిపోతున్న జుట్టు. దాన్ని మళ్లీ ఫొటో తీస్తే అప్పుడు మనిషి మనిషిలా కనిపిస్తాడు. ఆ తడి ఆరాక, నకలుని నోటరీ ముందు పెట్టాలి. నోటరీ అసలునీ నకలునీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. రెండూ ఒకటేనని రాస్తాడు. సంతకం, తేదీ, తన సొంత ముద్ర. అందులో అణువంత అబద్ధం లేదు. నకలు నిజంగానే అసలులా ఉంది.

ఇప్పుడు కాగితం మీద రెండు ముద్రలు. జర్మన్ అధికారి దాన్ని దీపం కింద తిప్పి చూస్తాడు. ఎల్ సాల్వడార్ 1941 డిసెంబర్‌లోనే జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది కాబట్టి ఈ మనిషి శత్రుదేశపు పౌరుడు. శత్రుదేశపు పౌరుణ్ణి చంపే కంటే దాచుకోవడం లాభం. అమెరికా ఖండాల్లో చిక్కుకున్న జర్మన్లని వెనక్కి తెచ్చుకోవడానికి బేరంలో పనికొస్తాడు. అంచేత ఆ పేరు మరణశిబిరం జాబితాలోంచి తీసి నిర్బంధ శిబిరం జాబితాలో రాస్తాడు. ఒక్క గీత. ఆ గీతకి అటొక బతుకు, ఇటొక చావు.

లాటిన్ అమెరికా దేశాల కాగితాలు వేరేచోట్ల అమ్ముడుపోయేవి. కొందరు కాన్సుళ్లు బాగానే వెనకేసుకున్నారు. మాంటెల్లో మాత్రం ఎదురు ఖర్చు పెట్టుకున్నాడు. టైపు మిషన్ టకటకలు ఆగలేదు.

కానీ బెర్లిన్‌లో ఎవరో అనుమానపడ్డారు.

*

ఫ్రాన్స్‌లో విట్టెల్ అనే ఊరు. వైద్యపు నీటిబుగ్గలకి పేరున్న చోటు. అక్కడి హోటళ్లని జర్మన్లు శత్రుదేశ పౌరుల శిబిరంగా మార్చారు. వార్సా నుంచి తెచ్చిన కొన్ని వందల మంది పోలండ్ యూదులు అక్కడ ఉన్నారు. చాలామంది దగ్గర ఏదో ఒక లాటిన్ అమెరికా దేశం కాగితం. యిడ్డిష్ కవి ఇట్జాక్ కాట్సెనెల్సన్ కూడా కొడుకుతో అక్కడే ఉన్నాడు. ఆయన దగ్గరున్నది హోండురాస్ పాస్‌పోర్టు.

జర్మన్లు పాస్‌పోర్టులన్నీ లాక్కున్నారు. ఇవి మీవేనా అన్న ప్రశ్న ఆయా దేశాలకి వెళ్లింది. జవాబులు నసిగాయి. 1944 ఏప్రిల్‌లో విట్టెల్ నుంచి రైలు కదిలింది. కాట్సెనెల్సన్ ఆష్విట్జ్ మరణశిబిరంలో చనిపోయాడు.

ముద్ర అసలుదే అయినా, ముద్ర వేసిన దేశం మాది కాదు అంటే ఆ కాగితం విలువ అంతే. మాంటెల్లో గుండెల్లో రాయి పడి ఉంటుంది. అతని ముద్ర వెనక కూడా ఏ ప్రభుత్వమూ లేదు. మరి అడిగితే?

అడిగే వ్యవధి కూడా ఇవ్వకుండా ఇంకోటి ముంచుకొచ్చింది. 1944 మార్చి 19న జర్మన్ సేనలు హంగరీలోకి దిగాయి. మే 15న రైళ్లు మొదలయ్యాయి. ఎనిమిది వారాల్లో 4,30,000 మందికి పైగా వెళ్లిపోయారు. బిస్త్రిత్సా అప్పుడు హంగరీ ఏలుబడిలోనే ఉంది. అమ్మానాన్నలు అక్కడే. మాంటెల్లో మనోలియుని పట్టుకున్నాడు. బ్యాగు నిండింది.

*

జూన్ 19. బుడాపెస్ట్.

బిస్త్రిత్సాలో ఇవ్వలేకపోయిన కాగితాలతో మనోలియు కార్ల్ లుట్జ్ ముందుకొచ్చాడు. లుట్జ్ స్విట్జర్లాండ్ వైస్ కాన్సుల్. యుద్ధంలో ఉన్న ఎన్నో దేశాల తరఫున హంగరీలో పనులు చూసేది ఆయనే. అమెరికా ఖాళీ చేసిన దౌత్య కార్యాలయంలో కూర్చునేవాడు. ఆ కప్పు కిందే తలదాచుకున్నాడు మిక్లోష్ క్రౌస్. పాలస్తీనాకి యూదుల్ని పంపే కార్యాలయం నడిపినవాడు. లుట్జ్ మనోలియుని క్రౌస్ దగ్గరికి తీసుకెళ్లాడు.

మనోలియు తెచ్చిన కాగితాలు ఇచ్చాడు. క్రౌస్ వేరే కాగితాలు అందించాడు.

అవి రెండు. ఒకటి హంగరీలో ఏ ప్రాంతం నుంచి ఎంతమందిని రైలెక్కించారో చెప్పే లెక్క. రెండోది ఆ రైళ్లు ఎక్కడికి వెళ్తున్నాయో, దిగాక ఏం జరుగుతోందో చెప్పే నివేదిక సారాంశం. ఏప్రిల్‌లో ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో తప్పించుకున్న ఇద్దరు స్లోవాక్ యువకులు, రుడాల్ఫ్ వ్ర్‌బా, ఆల్‌ఫ్రెడ్ వెట్‌స్లర్, గ్యాస్ గదుల వివరాలతో సహా చెప్పిన సంగతులవి. మనోలియు అవి చదివాడో లేదో గానీ, ఆలస్యం చేయలేదు. తిరుగు రైలు. మళ్లీ అవే సరిహద్దులు. ఈసారి బ్యాగులో ఉన్నది దొరికితే దౌత్య పాస్‌పోర్టు కూడా కాపాడదు.

*

జూన్ 21. జెనీవా ఇంకా చీకట్లోనే ఉంది. జర్మనీ ఒత్తిడి మీద స్విట్జర్లాండ్ అంతటా రాత్రిళ్లు దీపాలు ఆర్పేసే రోజులు. సరస్సు ఎక్కడుందో కూడా కనపడదు.

మనోలియు రెండు సంగతులు తెచ్చాడు. మొదటిది, ఇంట్లో ఎవరూ లేరు. రెండోది, ఎక్కడికి తీసుకెళ్లారో ఇదిగో. రెండూ ఒకే రాత్రి ఒకే మనిషి వినాల్సి వచ్చింది.

మాంటెల్లో ఏడుస్తూ కూర్చునే సమయం లేదు. ఇన్నాళ్లూ అతను అబద్ధపు రాతకి అసలు ముద్ర కొట్టి పంపించాడు. ఇప్పుడు చేతికొచ్చింది పూర్తిగా ఎదురు. ప్రతి అక్షరం నిజం. ఒక్క ముద్ర లేదు. ఆ ఇద్దరు యువకుల ప్రాణాలకి ప్రమాదమని వాళ్ల పేర్లు కూడా అందులో లేవు. ఎవరు నమ్ముతారు? స్విస్ సెన్సారు ఇలాంటివి పత్రికల్లోకి రానివ్వదు. ఎవరు అచ్చు వేస్తారు?

నకళ్లు తయారయ్యాయి. జ్యూరిచ్‌లో బ్రిటిష్ వార్తాసంస్థ ఎక్స్‌చేంజ్ టెలిగ్రాఫ్ ప్రతినిధి వాల్టర్ గారెట్ చేతికి చేరాయి. జూన్ 24న గారెట్ టెలిగ్రాములు లండన్‌కి బయల్దేరాయి. ఇక పూచీ సంతకాలు కావాలి. దేశమంతా గౌరవించే ప్రొటెస్టెంట్ పండితులు ముందుకొచ్చారు. కార్ల్ బార్త్, ఎమిల్ బ్రూనర్, ఎడువార్డ్ టుర్నైజెన్, విస్సర్ట్ హూఫ్ట్. జూలై 4 నాటి ఉత్తరంలో నలుగురి పేర్లూ ఉన్నాయి. ఏ చట్టం ప్రకారం చూసినా అది అటెస్టేషన్ కాదు. కానీ పని చేసింది. స్విస్ పత్రికల్లో నాలుగు వందలకి దగ్గరగా కథనాలొచ్చాయి, చర్చిల్లో ఆదివారం ప్రసంగాలు దీని మీదే సాగాయి. అప్పటికే పోప్ నుంచి, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నుంచి, స్వీడన్ రాజు నుంచి హంగరీ పాలకుడు హోర్తీకి వరసగా సందేశాలు వెళ్లాయి, జూలై 2న బుడాపెస్ట్ మీద బాంబులు కూడా పడ్డాయి.

జూలై 7న హోర్తీ రైళ్లు ఆపమన్నాడు.

పల్లెలూ పట్నాలూ అప్పటికే ఖాళీ. రాజధానిలో మాత్రం దాదాపు 2,00,000 మంది యూదులు మిగిలి ఉన్నారు. జర్మన్లు కూడా ఎక్కడికీ పోలేదు.

*

ఇక ఆ కాగితాలకి అసలు పరీక్ష వచ్చింది.

అదృష్టం వేరే ఖండంలో మలుపు తిరిగింది. అంతకుముందు మే నెలలోనే శాన్ సాల్వడార్‌లో దుకాణాలు మూసి, బ్యాంకులు మూసి, జనం పనులు మానేసి కూర్చున్నారు. పన్నెండేళ్లకు పైగా ఏలిన మార్టినెజ్ దిగిపోయాడు. కాస్టెయానోస్ కొత్తగా వచ్చినవాళ్లకి విషయం విన్నవించాడు. అబద్ధం ఒప్పుకున్నట్టే. ఉద్యోగం పోవచ్చు, కేసు పడొచ్చు. ఎల్ సాల్వడార్ కాదనలేదు. హంగరీలో మా పౌరుల బాగోగులు చూడమని స్విట్జర్లాండ్‌ని కోరింది. మా పౌరులు! ఒక్కరు కూడా ఆ దేశంలో అడుగు పెట్టినవారు కాదు.

ఆ ముద్ర వెనక ఇప్పుడొక ప్రభుత్వం ఉంది. బుడాపెస్ట్‌లో లుట్జ్ ఆ కాగితం పట్టుకున్నవాళ్లని తన రక్షణలోకి తీసుకోగలడు.

అక్టోబర్ 15న హంగరీ నాజీలు, ఆరో క్రాస్ మూక, అధికారం లాక్కున్నారు. తుపాకులు పట్టిన కుర్రాళ్లు వీధుల్లో పడ్డారు. ఇళ్ల తలుపులు బద్దలు. డాన్యూబ్ ఒడ్డున మనుషుల్ని నిలబెట్టి కాల్చి నీళ్లలోకి తోసేస్తున్నారు. చలి ముదిరింది. కోటు లోపలి జేబులోంచి ఒక నకలు బయటికి తీయాలి. మడతలు పడి నలిగిపోయింది. కుర్రాడికి ఫ్రెంచి రాదు. ఎల్ సాల్వడార్ ఎక్కడుందో తెలియదు. వాడు చూసేది గుండ్రటి గుర్తొకటి, దాని మీద సంతకం. కొన్నిసార్లు చింపి పారేశాడు. కొన్నిసార్లు వెనక్కిచ్చి పొమ్మన్నాడు. ఏ రోజు ఏం చేస్తాడో వాడికే తెలియదు.

1945 జనవరి మధ్యలో సోవియట్ సైన్యం పెస్ట్ వైపు నగరాన్ని పట్టుకునేనాటికి, నేలమాళిగల్లోంచి బయటికొచ్చినవాళ్లలో జేబులో ఎల్ సాల్వడార్‌ని పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

*

కాస్టెయానోస్ స్వదేశానికి వెళ్లిపోయాడు. జెనీవా సంగతి పెద్దగా ఎవరికీ చెప్పుకోలేదు. 1977లో శాన్ సాల్వడార్‌లో కన్నుమూశాడు. మాంటెల్లో 1992లో రోమ్‌లో పోయాడు. ఆ తర్వాత అతని కొడుక్కి జెనీవాలో దాచిపెట్టిన అసలు పత్రాలు దొరికాయి. వెయ్యికి పైగా. ఇప్పుడవి వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

2010లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ కాస్టెయానోస్‌కి 'రైటియస్ అమాంగ్ ద నేషన్స్' గౌరవం ప్రకటించింది. యూదుల్ని కాపాడిన యూదేతరులకి మాత్రమే ఇచ్చే గౌరవమది. కాగితాల మీద సంతకాలు పెట్టిన మాంటెల్లో యూదుడు. నిబంధనల ప్రకారం అతను అర్హుడు కాడు.